పుస్తకంలో లేని స్వరం

గురువారం నాలుగు కొట్టేసరికి వాన్నెస్ సైకిళ్ళ దుకాణం తలుపు వేసి, చేతులు రెండుసార్లు సబ్బు రుద్ది కడుక్కుని మేడ ఎక్కేవాడు. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో చైను గ్రీజు వదిలేది కాదు. ఆ సంగతి అతనికి తెలుసు; అతని అక్క గోదలీవకి ఇంకా బాగా తెలుసు. ఆవిడ బూడిదరంగు స్వెట్టరు కుడి భుజం మీద నాలుగు వేళ్ళ నల్లమరక ముప్పై ఏళ్ళుగా ఉంది. స్వెట్టర్లు మారాయి గాని మరక మారలేదు.

ఆ మరకకి కారణం వాళ్ళ పాట. మెహెలెన్ ఊళ్ళో చేపల రేవు వెనక సందులో, ఆ దుకాణం మేడ మీద, నలుగురు కలిసి పాడుకునేవారు. ఐదువందల ఏళ్ళ కిందట ఆ ఊరి కోటలో కొలువు గాయకులు పాడిన పాటలవి. నాలుగు గొంతులు నాలుగు దారుల్లో నడిచి, విడిపోయి, తగువులాడుకుని, చివరికి ఒకచోట కలుసుకుంటాయి. కొలువువాళ్ళు ఎలా పాడారో వీళ్ళూ అలాగే పాడేవారు. నలుగురికీ ఒకటే పెద్ద పుస్తకం, ఛాతీ ఎత్తు పీట మీద. ముందు నిలబడి చెయ్యి ఊపి నడిపించేవాళ్ళు ఉండరు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి, వేళ్ళతో మెల్లగా తడుతూ లెక్క తప్పకుండా చూసుకోవాలి. వాన్నెస్ చెయ్యి పడేది అక్క భుజం మీద.

గోదలీవది పై గొంతు. ఆడపిల్లల బడిలో లాటిన్ చెప్పి రిటైరైన మనిషి, అరవై ఏడేళ్ళది. గొంతు సన్నబడింది గాని జారలేదు. కింది గొంతు రూలాంత్‌ది. చేపల బజారులో కొట్టు, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. మధ్య గొంతు హాదెవిగ్‌ది. తపాలా ఆఫీసులో పని చేస్తుంది. చిన్నప్పుడు గోదలీవ దగ్గర చదువుకున్నందుకు, ముప్పై ఐదేళ్ళు వచ్చాక కూడా ఆవిణ్ణి టీచరమ్మా అనే పిలిచేది. ఇద్దరు తోబుట్టువులకీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎందుకు కాలేదని ఎవరైనా అడిగితే, వీడికి మంగళవారం ఖాళీ, నాకు శుక్రవారం ఖాళీ, ముహూర్తం కుదరలేదు అనేది గోదలీవ.

ఆ పుస్తకాలతో ఒక తిరకాసు ఉంది. పాట ముగిసే చోట, చివరి స్వరానికి ముందున్న స్వరాన్ని పై గొంతు అర మెట్టు పైకి ఎత్తాలి. అది పుస్తకంలో రాసి ఉండదు. తెలిసినవాళ్ళు రాయకుండానే ఎత్తుతారు; తెలియనివాళ్ళకి ఆ పుస్తకం ముందు నిలబడే పని లేదని గోదలీవ అభిప్రాయం. పాపం హాదెవిగ్‌కి భయం ఎక్కువ. తన గొంతుకి కూడా అలాంటి చోట్లు వస్తే మర్చిపోతానేమోనని పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకునేది. గోదలీవ పుస్తకపీటకి దారం కట్టి ఒక రబ్బరు ముక్క వేలాడదీసింది. ప్రతి గురువారం పాటకి ముందు హాదెవిగ్ తన గుర్తులు తానే తుడుచుకోవాలి. రూలాంత్ దాన్ని చర్చిలో పాపాలు ఒప్పుకునే కన్ఫెషన్ అనేవాడు.

పై గొంతు ఆ స్వరం ఎత్తిందంటే ఇక వెనక్కి పోవడం లేదు. అది ఒక మెట్టు ఎక్కుతుంది, పాటని పట్టి నిలబెట్టే నాలుగో గొంతు, పట్టు గొంతు, ఒక మెట్టు దిగుతుంది, ఇద్దరూ కలుస్తారు, పాట అయిపోతుంది. వాన్నెస్‌ది ఆ పట్టు గొంతు. తొమ్మిదేళ్ళ వయసులో వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తూ అక్క అతనికి ఈ దిగడం నేర్పింది. తర్వాత అదే వాళ్ళిద్దరి ఆట అయిపోయింది. మేడ మీద వంటింట్లోంచి గోదలీవ ఉన్నట్టుండి ఆ స్వరం ఎత్తితే, కింద చక్రం బిగిస్తున్న వాన్నెస్ గొంతు దానంతటదే దిగిపోయేది. నోట్లో మేకు ఉన్నా దిగేది. ఒకసారి సంతలో, నోటి నిండా వేడి వాఫిల్ ఉండగా ఆవిడ వెనకనుంచి వచ్చి ఎత్తింది. వాన్నెస్ పొడి చక్కెరంతా ఎదుటి పెద్దమనిషి కోటు మీద ఊది మరీ దిగాడు. ఆపుకోవడం అతని వల్ల కాదు. తుమ్ము ఆపుకోగలిగితే అదీ ఆపుకోగలిగేవాడేమో.

మిగతా ముగ్గురూ చకచకా తిరుగుతుంటే పట్టు గొంతు ఒక్కో స్వరాన్ని పట్టుకుని పేజీలో సగం దాకా వదలదు. పాటంతా దాని మీదే నిలబడుతుంది. వాన్నెస్ ఆ పొడుగు స్వరం పట్టుకున్నంతసేపూ, అది వినబడే మేరలో ఏదీ మారేది కాదు. మనుషులు తిరుగుతూనే ఉంటారు, గడియారం నడుస్తూనే ఉంటుంది. కాని కప్పులో కాఫీ చల్లారదు, కొవ్వొత్తి కరగదు, జాడీలో పువ్వు వాడదు. రూలాంత్ అమ్ముడుపోని చేపల బుట్ట తెచ్చి మెట్ల కింద పెట్టుకునేవాడు. కుడి పక్క పళ్ళ డాక్టరు గురువారం సాయంత్రం ఎవరికీ మత్తుసూది వేసేవాడు కాదు. వేస్తే ఆ రోగి ఆరింటిదాకా వంకరమూతితో కూర్చోవాలి. ఎడమ పక్క బేకరీ ఫిర్మీన్ ఆ రెండు గంటలూ పిండి కలిపేవాడు కాదు, కలిపినా పొంగదు గనక. ఇదొక వింతని ఎవరూ అనుకోలేదు. ఏటి పక్క ఇళ్ళలో గోడలు చెమ్మగిల్లుతాయి, వాన్నెస్ పాడితే కాఫీ చల్లారదు, అంతే.

వాన్నెస్ ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది. నాలుగింటికి నున్నగా గడ్డం గీసుకుని పాటకి నిలబడితే, ఆరింటికల్లా బుగ్గలు గరుకు తేలేవి. అది రెండు రోజుల గడ్డం. మిగతావాటికి ఆగిన కాలం ఎక్కడికో పోవాలి కదా, అది తన ఒంట్లోకి వస్తోందని అతనికి ఎప్పుడో తెలిసింది. వారానికి రెండు గంటలే కదా అని ఊరుకున్నాడు. అక్క కంటే నాలుగేళ్ళు చిన్నవాడైనా చూసినవాళ్ళు అతన్నే పెద్దవాడు అనుకునేవారు. సైకిళ్ళ పని అలాంటిది అని నవ్వేసేవాడు.

ఆ ఏడు ఏప్రిల్‌లో, బజారులోకి తెల్ల ఆస్పరాగస్ కాడల కట్టలు వచ్చిన వారంలో, గోదలీవ నడుం నొప్పి నడుం నొప్పి కాదని తేలింది. క్లోమంలో పుట్టిన కేన్సరు, కాలేయందాకా పాకింది. కత్తికి లొంగే దశ దాటిపోయిందనీ, జూన్‌లో చెర్రీలు పండేదాకా ఉంటే గొప్పేననీ డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి గోదలీవ కోటు విప్పకుండానే వంటింట్లో కూర్చుంది. ఇప్పుడు దుంపలు ఎవరు తొక్క తీస్తారు అని అడిగింది. వాన్నెస్ కత్తి తీసుకున్నాడు. తొక్క తీస్తూ, దుంపల మీదనుంచి తలెత్తకుండా అన్నాడు.

"రేపటినుంచి రోజూ పాడదాం అక్కా."

గోదలీవ అతనివైపు చూసింది. ఆ మాటకి అర్థమేమిటో ఆవిడకి తెలుసు. ఆవిడేమీ సన్యాసిని కాదు. చావు గురించి పిల్లలకి లాటిన్‌లో ఎన్నో మంచి వాక్యాలు బట్టీ పట్టించింది గాని, తన వంతు వచ్చేసరికి వాటిలో ఒక్కటీ పనికిరాలేదు. బతకాలని ఉంది. సరే అంది.

పాట గదిలోనే మంచం వేశారు. మొదట్లో ఆవిడ దిండ్లకి ఆనుకుని కూర్చుని తన గొంతు తానే పాడేది. వాన్నెస్ మంచం వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసి తట్టేవాడు. సాయంత్రాలు రూలాంత్, హాదెవిగ్ వచ్చి చేరేవారు. మిగతా వేళల్లో ఇద్దరే. నాలుగు గొంతుల పాటలో రెండే గొంతులుంటే వెలితిగానే ఉంటుంది, కాని పై గొంతూ పట్టు గొంతూ ఉంటే పాట నడుస్తుంది. నలుగురూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆఖరి పేజీలో ముగింపు దగ్గరికి వచ్చాక, పై గొంతు ఆ స్వరాన్ని ఎత్తకుండా అలాగే ఉంచి, మళ్ళీ మొదటి పేజీకి పోవాలి. పాట ముగియకూడదు.

అది పని చేసింది. పాట నడిచినంతసేపూ నొప్పి ఉన్నచోటే ఉండేది, పెరిగేది కాదు. గోదలీవ సూపు తాగేది, రూలాంత్‌ని దెప్పేది, హాదెవిగ్ ఉచ్చారణ సరిచేసేది. వాన్నెస్ నీళ్ళు తాగడానికి ఆగితే ఆవిడ కళ్ళు అతని గ్లాసు మీదే ఉండేవి. ఇంకో గంట, అనేది. ఇంకొక్క గంట. అలా అడిగినందుకు తర్వాత సిగ్గుపడి మొహం గోడవైపు తిప్పుకునేది. వాన్నెస్ ఆ సిగ్గు చూడనట్టు పాట ఎత్తుకునేవాడు.

కాని మనిషి నిద్రపోవాలి. అతను పడుకున్న గంటల్లో రోగం తన పని చేసుకుపోయేది. అందుకని వాన్నెస్ నిద్ర తగ్గించాడు. ఆరు గంటలు నాలుగయ్యాయి, నాలుగు మూడయ్యాయి. దుకాణం తలుపు తీయడం మానేశాడు. బయట చువ్వలకి ఆనించిన సైకిళ్ళని ఎవరివి వాళ్ళు చప్పుడు చెయ్యకుండా తోసుకుపోయారు.

ఫిర్మీన్ రొట్టె కూడా దెబ్బతింది. వాన్నెస్ నిద్రపోయే ఆ మూడు గంటల్లోనే అతని పిండి పొంగాలి. అది ఏ మూలకీ సరిపోదు. పొంగనక్కర్లేని దాల్చినచెక్క బిస్కెట్లు చేసి అమ్మడం మొదలెట్టాడు. మే నెలలో ఆ సందంతా పొద్దున బిస్కెట్లు, మధ్యాహ్నం బిస్కెట్లు తిని గడిపింది. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. ఫిర్మీన్ మాత్రం రోజూ గుప్పెడు పిండి ముద్ద చేసి, తడిగుడ్డ కప్పి కిటికీలో పెట్టేవాడు. పొద్దున్నుంచి సాయంత్రందాకా అది ఎంత ముద్ద అంతే ఉండేది. అది చూసుకుని, ఆవిడ ఉంది అనుకుని, మళ్ళీ బిస్కెట్లు కాల్చుకునేవాడు.

వాన్నెస్ నెలరోజుల్లో ముసలివాడైపోయాడు. జుట్టు మొదట నెరిసింది, తర్వాత పలచబడింది. కింది పన్ను ఒకటి కదిలి, సూపులో ఊడి వచ్చింది. రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అక్క చూడకుండా మంచానికి ఎప్పుడూ వెనకవైపే నిలబడేవాడు. గడ్డం రోజుకి మూడుసార్లు గీసేవాడు. రూలాంత్ ఒకరోజు అతన్ని మెట్ల దగ్గర నిలేశాడు. ఇలాగైతే ఆవిడకంటే ముందు నువ్వే పోతావని మొహం మీదే చెప్పాడు. పోతే పోతాను, అప్పటిదాకా ఆవిడ ఉంటుంది కదా అన్నాడు వాన్నెస్.

గోదలీవకి ఎవరూ చెప్పలేదు. ఆవిడే పట్టుకుంది. ఒక పొద్దున తను పాట అందుకోబోయే ముందు స్వెట్టరు సర్దుకుంటూ, కుడి భుజం వెలుగులోకి తిప్పి చూసుకుంది. కొత్తగా ఉతికిన స్వెట్టరు. మూడు రోజులనుంచి వేసుకుంటోంది. భుజం శుభ్రంగా ఉంది.

"ఒరే, ఇలా ముందుకి రా. చెయ్యి చూపించు."

వాన్నెస్ వచ్చి చూపించాడు.

"గ్రీజు ఏది?"

"కడుక్కున్నాను."

"ముప్పై ఏళ్ళనుంచి కడుక్కుంటూనే ఉన్నావు." ఆవిడ చెయ్యి వదలలేదు. "దుకాణం మూసేశావు. సరే, అది అడగను. గడ్డం ఎప్పుడు గీసుకున్నావు?"

"పొద్దున్నే."

అప్పుడు పది గంటలు. పొద్దున ఐదింటినుంచి అతను ఒక్కడే పాడుతున్నాడు. చెంపల మీద తెల్లటి గడ్డం ఐదారు రోజులదిలా ఉంది. బడిలో పిల్ల తప్పు లెక్క తెస్తే, తప్పు ఎక్కడ మొదలైందో పై వరసనుంచి వెతికే అలవాటు గోదలీవది. అతని గడ్డం, జుట్టు, సొట్టపోయిన దవడ, ముడతలు పడ్డ వేళ్ళు, అన్నీ ఒక్కొక్కటే చూసింది.

"నాకు రాకుండా ఆగినదంతా నీ మీదికి వస్తోందట్రా?"

"నాకేం కాలేదు."

"నిన్న మెట్లు దిగుతుంటే హాదెవిగ్ నీ చెయ్యి పట్టుకుంది. మంచంలో ఉన్నాను గాని నాకింకా చెవులున్నాయి."

"నాకీ గొంతు ఇచ్చింది నువ్వు. దాన్ని నేనేం చేసుకుంటే నీకెందుకు?"

"నీకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నదాన్ని కాబట్టి." ఆవిడ అతని చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది. "నేను అడుగుతూనే ఉన్నాను కదరా. ఇంకో గంట, ఇంకో గంట అని. నువ్వు ఇస్తూనే ఉన్నావు."

వాన్నెస్ మంచం అంచున కూర్చున్నాడు. అక్క ఏం చెయ్యగలదో అతనికి తెలుసు. అందుకే భయం వేసింది. ముగింపులో ఆ స్వరం ఎత్తనని మాట ఇవ్వమన్నాడు. ఆవిడ ఇవ్వలేదు. లేదనీ అనలేదు. కిటికీ వైపు చూస్తూ, నిన్నటి పత్రిక ఇలా పడెయ్, గళ్ళ నుడికట్టు చేసుకుంటాను, పెన్సిలు కూడా ఇవ్వు అంది. మాట మళ్ళిందని వాన్నెస్ ఊపిరి పీల్చుకుని రెండూ తెచ్చి ఇచ్చాడు. నిలబడలేకపోతోంది గనక పెద్ద పుస్తకం అప్పటికే ఆవిడ పక్కమీద ఉంది. వాన్నెస్‌కి ఆ పుస్తకంతో అవసరం లేదు. అతనికి అంతా నోటికి వచ్చు.

తర్వాతి తొమ్మిది రోజుల్లో ఆవిడ మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. చెప్పినట్టు పాడింది. ముగింపు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ వాన్నెస్ వేళ్ళు భుజం మీద బిగుసుకునేవి. ఆవిడ స్వరాన్ని ఎత్తకుండా దాటించి మొదటి పేజీకి పోయేది. నాలుగో రోజుకి వాన్నెస్‌కి భయం తగ్గింది. బతకాలని ఉన్న మనిషి, ఎందుకు ఎత్తుతుంది అనుకున్నాడు.

ఆ గురువారం పొద్దున డాక్టరు వచ్చి నాడి చూసి, వాన్నెస్‌ని బయటికి పిలిచాడు. మీరు ఆపితే ఇక గంటలే అన్నాడు. అయితే ఆపను అన్నాడు వాన్నెస్. లోపలికి వచ్చి ఏడు గంటలకి పాట పట్టుకున్నాడు. రూలాంత్ కొట్టు కట్టేసి వచ్చాడు, హాదెవిగ్ సెలవు పెట్టి వచ్చింది. మధ్యాహ్నం దాటింది. బల్ల మీద కప్పుల్లో పొద్దుటి కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది. వాన్నెస్ మంచం కోడుకి ఆనుకుని, ఊపిరి తీసినట్టు తెలియకుండా తీస్తూ స్వరం వెంట స్వరం పట్టుకున్నాడు. కళ్ళ ముందు నల్లచుక్కలు తిరుగుతున్నాయి. అవి ఏమిటో అతనికి అర్థమైంది. ఇంకొన్ని గంటలు, తనకీ అంతే. అతనికి అదేమీ బాధగా లేదు.

గోదలీవ నోట పాట దారంలా వస్తోంది. ఒక్కో వాక్యం వదిలేసి ఒకటి పాడుతోంది. నాలుగు కావస్తుండగా ఆఖరి పేజీ వచ్చింది. వాన్నెస్ చివరికి ముందున్న పొడుగు స్వరం పట్టుకున్నాడు. గోదలీవ తన కుడి భుజం మీద ఉన్న తమ్ముడి చేతి మీద ఎడమ చెయ్యి వేసింది. దిండు మీదనుంచి తల కొంచెం ఎత్తింది. ఆ స్వరాన్ని అర మెట్టు పైకి ఎత్తింది.

ఆ గొంతు రోగి గొంతులా లేదు. వంటింట్లోంచి కిందికి వినబడే గొంతులా ఉంది.

వాన్నెస్ వద్దనుకున్నాడు. వద్దనుకుంటూనే ఉన్నాడు, అతని గొంతు దిగిపోయింది. తొమ్మిదేళ్ళ వయసునుంచి ఒక్కసారీ దిగకుండా ఉండని గొంతు. గోదలీవ ఒక మెట్టు ఎక్కింది, వాన్నెస్ ఒక మెట్టు దిగాడు, మిగతా ఇద్దరూ వచ్చి చేరారు. నెలన్నరగా ముగియని పాట ముగిసింది. ఆఖరి స్వరాన్ని, భుజం మీద చెయ్యి లేచేదాకా వదలకూడదు. వాన్నెస్ చెయ్యి ఎత్తలేదు. రూలాంత్ ఊపిరి అయిపోయింది, హాదెవిగ్ ఏడుపులో స్వరం విరిగిపోయింది. అక్క గొంతు ఎప్పుడు ఆగిందో వాన్నెస్‌కి తెలియలేదు. అతను ఒక్కడే పాడుతున్నట్టు తెలిశాక, చెయ్యి తీశాడు.

రూలాంత్ గోదలీవ కళ్ళు మూశాడు. కప్పుల మీద పొగ పలచబడి ఆగిపోయింది. కింద తలుపు చప్పుడైంది. మెట్ల మీద బరువుగా అడుగులు వినిపించాయి. ఫిర్మీన్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతులనిండా పిండి ఉంది, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. లోపలికి చూడకుండా నేలవైపు చూస్తూ అన్నాడు.

"పిండి పొంగింది."

వాన్నెస్ అప్పుడు ఏడ్చాడు.

మర్నాడు పొద్దున ఆ సందులో నెలన్నర తర్వాత రొట్టె వాసన వేసింది. అంత్యక్రియలయ్యాక ఫిర్మీన్ రొట్టెలు పంచాడు. ఎవరూ డబ్బులివ్వబోలేదు, అతనూ అడగలేదు. వాన్నెస్ దుకాణం మళ్ళీ తెరిచాడు. ఊడిన పన్ను రాలేదు, నెరిసిన జుట్టు నల్లబడలేదు, కాని పొద్దున గీసిన గడ్డం సాయంత్రానికి ఒక్క పూట గడ్డంలాగే ఉండేది. డాక్టరు గుండె చూసి, అరిగింది గాని పదేళ్ళు లాగుతుంది అన్నాడు. ఆ పదేళ్ళు ఏం చేసుకోవాలో వాన్నెస్‌కి తెలియలేదు.

అతన్ని తొలిచేస్తున్నది ఒక్కటే. ఆవిడ తెలిసి ఎత్తిందా, తెలియక ఎత్తిందా? రూలాంత్‌ని అడిగాడు. జ్వరం మీద ఉంది కదన్నా, అలవాటు కొద్దీ నోటికి వచ్చేసి ఉంటుంది అన్నాడు రూలాంత్. ఓదార్పుగానే అన్నాడు. అది వాన్నెస్‌ని ఇంకా కుంగదీసింది. అలవాటు కొద్దీ ఎత్తితే, ఆవిడకి ఇంకా బతకాలనే ఉండి ఉంటుంది. ఇంకో గంట అనే మనిషిని తను మధ్యలో వదిలేసినట్టే. పక్క సర్దుతుంటే ఆ పాత పత్రిక దొరికింది. గళ్ళ నుడికట్టులో ఒక్క గడీ నింపలేదు. పాపం, ఓపిక లేకపోయింది అనుకుని మడిచి పెట్టాడు. పెద్ద పుస్తకం మాత్రం తెరవలేదు. పీట మీద పెట్టి గుడ్డ కప్పేశాడు.

చెర్రీలు వచ్చి వెళ్ళిపోయాయి. జూలై చివర ఒక గురువారం నాలుగింటికి రూలాంత్ చేపల బుట్టతో, హాదెవిగ్ ఒట్టి చేతులతో వచ్చి మేడ మీద కూర్చున్నారు. పిలిచినవాళ్ళు లేరు. వాన్నెస్ కిందనుంచి విని, చేతులు కడుక్కుని ఎక్కాడు. మధ్య గొంతు లేకపోయినా ముగ్గురితో పాట నడుస్తుంది, పై గొంతు నేను పాడతాను, టీచరమ్మ అంత బాగా రాదు అంది హాదెవిగ్. వాన్నెస్ పుస్తకం మీది గుడ్డ తీశాడు. ఎక్కణ్ణుంచి అని ఎవరూ అడగలేదు. ఆఖరి పేజీ తెరిచాడు.

ఎడమ పేజీలో పై సగం పై గొంతుది, కింది సగం పట్టు గొంతుది. పై సగంలో, చివరికి ముందున్న స్వరం నెత్తిన, చిన్న పెన్సిలు గుర్తు ఉంది. స్వరాన్ని ఎత్తమనే గుర్తు. హాదెవిగ్ గుర్తులు భయంభయంగా గీకినట్టుంటాయి. ఇది నిటారుగా, నల్లబల్ల మీద రాసినంత శుభ్రంగా ఉంది. జన్మలో ఆ పుస్తకంలో పెన్సిలు పెట్టని మనిషి, పెట్టినవాళ్ళని ముప్పై ఏళ్ళు తిట్టిన మనిషి, తమ్ముడు తర్వాత వచ్చి చూసుకుంటాడని పెట్టిన గుర్తు.

వాన్నెస్ ఆ గుర్తు మీద వేలు ఆనించాడు. ఆవిడ తెలిసే ఎత్తిందని ముగ్గురికీ అర్థమైంది. పాటకి ముందు తుడవడం అలవాటు గనక, ఏం చేస్తోందో తెలియకుండానే హాదెవిగ్ చెయ్యి రబ్బరు ముక్క వైపు పోయింది. వాన్నెస్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. పీటకి కట్టిన దారం ముడి గోళ్ళతో విప్పి, రబ్బరు ముక్కని రుమాల్లో పంటి పక్కన చుట్టి జేబులో వేసుకున్నాడు.

తర్వాత హాదెవిగ్ భుజం మీద చెయ్యి వేశాడు. మరక పడుతుందేమో అన్నాడు. పడనీ అంది ఆ పిల్ల. మొదటి పేజీకి తిప్పి, ముగ్గురూ పాట ఎత్తుకున్నారు. కాఫీ చల్లారకుండా బల్ల మీద ఉంది. పేజీలు తిరిగాయి. ఆఖరి పేజీలో ఆ గుర్తు దగ్గరికి వచ్చేసరికి హాదెవిగ్ స్వరం ఎత్తింది, కొంచెం వణికింది గాని ఎత్తింది. వాన్నెస్ దిగాడు. ఈసారి తెలిసి దిగాడు.